ఉత్తరం వైపు నుంచి వచ్చిన బిషప్

మధ్యలో కొన్నేళ్లు మినహా 1936 నుంచి 1974 దాకా తమిళ నేల మీద బతికి, అరవై నాలుగేళ్ల వయసులో సొంత దేశానికి తిరిగెళ్లారు లెస్లీ న్యూబిగిన్. అక్కడి క్రైస్తవులు ఉదారవాదులు, సంప్రదాయవాదులు అని రెండు గుంపులుగా చీలి ఉన్నారు. ఇద్దరికీ కోపం తెప్పించే మాట, ఇద్దరూ వినక తప్పని మాట ఆయన చెప్పగలిగారు. ఆ మాట నేర్చుకున్నది మాత్రం మన దక్షిణాదిలో.

మద్రాసు డయోసిస్‌లో ఒక పల్లె. రోడ్డుకు దూరంగా, ఏటికి అవతల ఉంటుంది. ఊళ్లోకి రావడానికి రెండు దారులు, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి. బిషప్ గారు వస్తున్నారని ఆ రోజు సంఘమంతా దక్షిణం వైపు చేరింది. పూలదండలు, పళ్లు సిద్ధంగా ఉన్నాయి. మేళగాళ్లు వచ్చారు. టపాసులు పేర్చారు. తీరా బిషప్ గారు ఉత్తరపు దారి పట్టారు. ఆయన ఊళ్లో అడుగుపెట్టేసరికి ఎదురొచ్చినవి కాసిని మేకలు, కోళ్లు. గబగబా కబురు వెళ్లింది. ఆయన కాసేపు కనపడకుండా పక్కకు తప్పుకున్నారు. ఈలోగా మేళం, దండలు, పిల్లాజెల్లా అంతా వెనక్కి తిరిగి ఉత్తరం వైపుకొచ్చి నిలబడ్డారు. అప్పుడాయన మళ్లీ వచ్చారు. స్వాగతం ఘనంగా జరిగింది.

మారుమనస్సు అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు న్యూబిగిన్ ఈ సంగతి చెప్పేవారు. మనకు ఆ మాట వినగానే కన్నీళ్లు, పాపపు ఒప్పుకోలు గుర్తొస్తాయి. ఆయన దృష్టిలో అది ముందుగా ఒళ్లు తిప్పుకోవడం. రావలసినవాడు వచ్చేశాడు, కాకపోతే మనం చూస్తున్న వైపు నుంచి కాదు.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఇంకో దృశ్యం కూడా కనిపిస్తుంది. దక్షిణపు దారి దగ్గర నిలబడి, దండ ఎవరు వెయ్యాలి, మేళం ఎలా మోగాలి అని వాదించుకుంటున్న రెండు గుంపులు. మా ఇంట్లోనే చూశాను కాబట్టి అలా అనిపిస్తుందేమో.

ఒక గిన్నెడు పొంగలి

మా చెల్లెలు ఇంగ్లండులో ఆరేళ్లు నర్సుగా పనిచేసి వచ్చింది. ఆ సంక్రాంతికి మా చిన్నాన్న కూడా ఇంట్లో ఉన్నారు. ఆయన ఒక స్వతంత్ర సంఘంలో పెద్ద, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకాళ్ల మీద ఉండే మనిషి. పక్కింటి పిన్నిగారు చక్రపొంగలి పంపారు. చెల్లెలు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి వడ్డించబోయింది. చిన్నాన్న కంచం వెనక్కి జరిపారు.

“విగ్రహాలకు అర్పించింది మనకెందుకమ్మా?”

“ఆవిడ ప్రేమగా పంపింది చిన్నాన్నా. అక్కడ మా సంఘంలో ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు.”

“అందుకే కదమ్మా అక్కడ మందిరాలు ఖాళీ అయ్యాయి.”

అంతే. ఇంకెవరూ మాట్లాడలేదు. నెయ్యి పేరుకుపోయి, మీద జీడిపప్పు మెరుస్తూ, ఆ గిన్నె సాయంత్రం దాకా బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత అమ్మ తీసి లోపల పెట్టింది.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆ రాత్రి తీసి చదివాను. చిన్నాన్న మాటకూ ఆధారం అందులోనే ఉంది, చెల్లెలి మాటకూ అందులోనే ఉంది. రెండూ ఎనిమిది నుంచి పది అధ్యాయాల మధ్యే. ఆ పత్రిక రాసిన మనిషికి రెండు మాటలూ ఒక్క నోటితో చెప్పడం వచ్చింది. మాకు ఒక్క బల్ల దగ్గర కూర్చుని చెప్పుకోవడం రాలేదు.

విదేశంలో బతికొచ్చినవాళ్లు ఉన్న ప్రతి క్రైస్తవ కుటుంబంలోనూ ఇలాంటి గిన్నె ఒకటి ఉంటుంది. కొందరింట్లో అది బొట్టు, కొందరింట్లో బంగారం, కొందరింట్లో హిందూ అబ్బాయితో పెళ్లి. ఇంకొన్ని ఇళ్లలో తగవు తిరగబడి ఉంటుంది. ఇక్కడ పండక్కీ పబ్బానికీ మందిరానికెళ్లిన కుర్రాడు డాలస్ వెళ్లి తెలుగు సహవాసంలో చేరి ఉజ్జీవం పట్టుకుని వస్తాడు. వచ్చీరాగానే నలభై ఏళ్లుగా లూథరన్ సంఘంలో కీర్తనలు పాడుతున్న తండ్రిని “నాన్నా, నువ్వు రక్షింపబడ్డావా?” అని అడుగుతాడు. తండ్రి మనసు చివుక్కుమంటుంది. పరదేశం మనిషిని ఏ వైపుకైనా తిప్పుతుంది. తిరిగొచ్చాక ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలన్నదే అసలు కష్టం. న్యూబిగిన్ ఆ కష్టం మీదే చివరి ఇరవై నాలుగేళ్లు పెట్టారు. అందుకే ఆయన కథ మన కథకు పనికొస్తుంది.

బ్రేకులు చెడిపోయాయంటే కారణం చెప్పినట్టా?

1909 డిసెంబరు 8న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టారాయన. కేంబ్రిడ్జికి వెళ్లేనాటికి పెద్ద భక్తిపరుడేమీ కాదు. విద్యార్థిగా ఉన్నప్పుడే సేవ కోసం సౌత్ వేల్స్ వెళ్లారు. బొగ్గు గనులు మూతపడి పనుల్లేక కుంగిపోయిన కార్మికుల మధ్య ఉన్నారు. వాళ్లకు ఏమీ చెయ్యలేకపోతున్నానన్న బాధతో పడుకున్న ఒక రాత్రి, ఆకాశానికీ భూమికీ మధ్య చాచిన సిలువ ఆయన మనసుకు కనిపించింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలోనే వేదాంతం చదువుతూ రోమా పత్రిక మీద నెలల తరబడి కూర్చున్నారు. లోపలికి వెళ్లినప్పుడు ఉదారవాది, బయటికొచ్చినప్పుడు సిలువ పనిని కేంద్రంగా పట్టుకున్న సువార్తవాది. అంటే రెండు ఇళ్ల వాసనా ఆయనకు తెలుసు. 1936లో భార్య హెలెన్‌తో ఓడెక్కి స్కాట్లండ్ సంఘం మిషనరీగా మద్రాసులో దిగారు.

వచ్చిన కొద్ది నెలలకే బస్సు ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఆపరేషన్ మీద ఆపరేషన్. స్వదేశానికి పంపేశారు, 1939లో గానీ తిరిగి రాలేకపోయారు. ఆ ప్రమాదానికి కారణమేమిటన్న ప్రశ్నను ఆయన జీవితాంతం దాచుకున్నారు. ఇక్కడి పాస్టరు గారు దైవచిత్తం అన్నారు. హిందువైతే పూర్వజన్మ కర్మ అనేవాడు. ఇంకోచోటైతే ఎవరో చేతబడి చేశారనేవారు. ఐరోపావాడు బ్రేకులు సరిగా లేవని చెబుతాడు, చెప్పి సంగతి తేలిపోయిందనుకుంటాడు. మిగతా ముగ్గురికీ అది కారణమే కాదు. బ్రేకులు చెడితే చెడ్డాయి, ఆ బస్సులో ఆ రోజు నువ్వే ఎందుకున్నావన్నది వాళ్ల ప్రశ్న.

ఏది కారణంగా చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది పుట్టి పెరిగిన చోటు మనకు ముందే నేర్పి పెడుతుందన్నమాట. చేపకు నీళ్లు కనపడనట్టు అది మనకు కనపడదు. ఒడ్డున పడ్డప్పుడే తెలుస్తుంది. తిరిగొచ్చాక పనిచేసిన కాంచీపురమే న్యూబిగిన్‌కు ఆ ఒడ్డు.

వరసలో ఒక పటం

కాంచీపురంలో ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇది. అక్కడి రామకృష్ణ మిషన్‌లో స్వాములతో కలిసి నేల మీద కూర్చుని చదివేవారు. ఒకసారి ఉపనిషత్తు, ఒకసారి యోహాను సువార్త. శ్వేతాశ్వతరం సంస్కృతంలో చదివారు. వాదించి గెలవడానికి కాదు, అర్థం చేసుకోవడానికి.

ఆ మిషన్ హాల్లో గోడల మీద మహాత్ముల పటాలుండేవి. ఆ వరసలో యేసు పటం కూడా ఉండేది. క్రిస్మస్ రోజున ఆ పటం ముందు పూజ చేసేవారు. వాళ్లు చేసింది గౌరవంతోనే, దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే యువ మిషనరీకి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఇక్కడ యేసు వచ్చి హిందూ దృష్టిని మార్చలేదు. హిందూ దృష్టే ఆయనకు తన గోడ మీద చోటిచ్చింది.

అది పసిగట్టడం సులువే. సొంత దేశం సంగతి పసిగట్టడానికే ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. ఐరోపా కూడా తన గోడ మీద యేసుకు అలాగే ఒక పటం కట్టించింది. గోడ మాత్రం వేరు. అక్కడి గోడ పేరు ఆధునికత, హేతువు, వ్యక్తి స్వేచ్ఛ. మిషనరీలు కూడా ఆ గోడను పెట్టెలో పెట్టుకుని తెచ్చి, దాన్నే సువార్త అనుకుని పంచారు. ఈ ఒప్పుకోలు చేసిన తెల్లదొరలు ఆ రోజుల్లో ఎంతమంది?

1947, సెప్టెంబరు 27

రెండు వర్గాలను కలపడమంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో నేర్చుకోలేదు, చేసి చూశారు. ఇక్కడ తెలుగు నేల కథలోకి వస్తుంది. 1919లో తరంగంబాడిలో ముప్ఫై ముగ్గురు పాదిరులు కూడారు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. పడమటి దేశాల తగాదాల వల్ల పుట్టిన చీలికలు మాకెందుకని అడిగారు. ఆ పిలుపు వెనక ముఖ్యంగా ఉన్నది దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెలకు అంకితమైనవాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందినవాడు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి సంఘాలను కలిపే చర్చలు ఇంకా తెమల్లేదు.

ఎందుకు తెమల్లేదు? బిషప్ చేతులుంచని పాదిరి ఇచ్చే ప్రభు భోజనం చెల్లుతుందా అన్న ఒక్క ప్రశ్న దగ్గర. ఈనాటి పాఠకుడికి చిన్నదిగా కనిపించొచ్చు. ఆనాడు అది ప్రాణాల మీదికొచ్చిన ప్రశ్న. ఇంగ్లండులో మహాకవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు 1943లో ఈ దక్షిణ భారత పథకానికి వ్యతిరేకంగా ప్రత్యేకంగా ఒక కరపత్రం రాశాడు.

చివరికి దారి ఎలా దొరికిందో చూడండి. ఏ పక్షమూ తన నమ్మకం వదులుకోలేదు, సగానికి సగం కోసుకోలేదు. ఇప్పటికే పాదిరులుగా ఉన్నవాళ్లను మళ్లీ అభిషేకించక్కర్లేకుండానే ఒకరినొకరు స్వీకరించారు. ఇక మీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలనుకున్నారు. పూర్తి ఏకత్వం కాలక్రమంలో వస్తుందని నమ్మి, ముందు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అందులో కలిశారు. బిషప్పులే లేని సంఘం నుంచి వచ్చిన న్యూబిగిన్ ముప్ఫై ఏడేళ్లకే మదురై–రామ్నాడ్ బిషప్ అయ్యారు.

అంతా కలవలేదు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు–నెల్లూరు బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది మనస్సాక్షి ఒప్పుకోక ఆనాడు చేరలేదు. చేరినచోట కూడా ఒక గోడ కదల్లేదు. మాల సంఘం, మాదిగ సంఘం అన్న లెక్క మన పల్లెల్లో మందిరం గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బిషప్ ఎన్నికల్లో కూర్చుంది. డినామినేషన్ల గోడ పడగొట్టిన తరానికి కులం గోడ ఎందుకు లొంగలేదన్నది తెలుగు క్రైస్తవులు ఇంకా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న. ఇందులో ఉదారవాది, సంప్రదాయవాది అన్న తేడా లేదు. పెళ్లి సంబంధాల దగ్గర ఇద్దరూ ఒకటే.

రెండు సూట్‌కేసులు, ఒక వీపు సంచి

1965 నుంచి మద్రాసు బిషప్‌గా ఉండి, 1974లో విరమించారు. విమానమెక్కితే ఒక రోజు ప్రయాణం. ఆ దంపతులు మాత్రం రెండు సూట్‌కేసులు, ఒక వీపు సంచి పట్టుకుని, దొరికిన బస్సు ఎక్కుతూ నేల దారిన ఇంగ్లండు బయల్దేరారు. దారిలో ఎక్కడున్నా ఆదివారం ఏదో ఒక సంఘంతో కలిసి ఆరాధించారు. ఒక్కచోట మాత్రం అది కుదరలేదు. టర్కీలోని కప్పదొకియలో. బాసిలు, ఇద్దరు గ్రెగొరీలు పుట్టి త్రిత్వ సిద్ధాంతానికి మాటలు కూర్చిన నేల అది. ఒకప్పుడు క్రైస్తవ ఆలోచనకు పుట్టిల్లు. ఆ ఆదివారం అక్కడ కలిసి ప్రార్థించడానికి ఒక్క క్రైస్తవుడూ దొరకలేదు. భార్యాభర్తలిద్దరే కూర్చుని ఆరాధన చేసుకున్నారు.

అంతటి సంఘం కూడా అంతరించిపోగలదన్న సంగతి కళ్లారా చూసి, ఆయన ఇంగ్లండులో అడుగుపెట్టారు.

ఇండియా వదిలి వచ్చాక ఇక్కడ మీకు కష్టంగా ఉన్నదేమిటని అడిగేవారు. ఆశ కనిపించకపోవడం అనేవారాయన. మద్రాసు మురికివాడల్లో కూడా రేపు బాగుంటుందన్న నమ్మకం ఉండేది, ఇక్కడ అది లేదు అని. ఇంకో మాట కూడా అనేవారు. ఇండియాలో సువార్తను ఎదిరించేవారు, ఇక్కడ చల్లగా చిన్నచూపు చూస్తున్నారు, ఎదిరింపు కన్నా ఇది కష్టం అని.

ఆయన ఇల్లు చేరిన ఏడాదే ప్రపంచ క్రైస్తవం కూడా రెండుగా చీలి నిలబడింది. ఒకవైపు ప్రపంచ చర్చిల మండలి, న్యాయం, విమోచన, మతాల మధ్య సంభాషణ అంటోంది. ఇంకోవైపు ఆ జులైలోనే లోజాన్‌లో బిల్లీ గ్రాహం, జాన్ స్టాట్ ముందుండి జరిపిన మహాసభ సువార్త ప్రకటనను మళ్లీ ముందుకు తెచ్చింది. 1961లో ఢిల్లీ సభలో అంతర్జాతీయ మిషనరీ మండలిని చర్చిల మండలిలో కలపడానికి పాటుపడ్డ మనిషి న్యూబిగిన్. ఆ కలయిక వల్లే సువార్త పని నీరుగారిపోయిందని సంప్రదాయవాదులు ఆయన్ను అనుమానంగా చూశారు. క్రీస్తు అద్వితీయతను వదలడేమిటని ఉదారవాదులూ అనుమానంగానే చూశారు.

ఒకే ఊళ్లో ఇద్దరు

ఆయన స్థిరపడ్డ బర్మింగ్‌హామ్‌లోనే విశ్వవిద్యాలయంలో జాన్ హిక్ ఉన్నారు. కుర్రతనంలో హిక్ గట్టి సువార్తవాది. బర్మింగ్‌హామ్‌కు వచ్చాక సిక్కుల గురుద్వారాలకు, మసీదులకు, హిందూ గుళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. అన్నిచోట్లా మనుషులు ఒకే రకంగా పరమాత్మ వైపు హృదయం తెరుస్తున్నారనిపించింది. క్రైస్తవం మధ్యలో ఉండి మిగతావి దాని చుట్టూ తిరగడం కాదు, మతాలన్నీ దేవుడి చుట్టూ తిరుగుతున్నాయన్నారు. 1977లో ఆయన సంపాదకత్వంలో యేసు అవతారాన్ని పురాణంగా చూడాలనే వ్యాసాల సంపుటి వచ్చినప్పుడు బ్రిటన్ అట్టుడికింది.

ఇతర మతాలవాళ్లను దగ్గరగా చూస్తే విశ్వాసం మెత్తబడుతుందని మా చిన్నాన్న భయం. హిక్ కథ ఆ భయానికి సాక్ష్యం. దగ్గరగా చూడనివాళ్లే పట్టుదలగా ఉంటారని మా చెల్లెలి నమ్మకం. న్యూబిగిన్ కథ దానికి ఎదురు సాక్ష్యం. హిక్ కన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువగా, ఉపనిషత్తులు ముందు పెట్టుకుని మరీ ఇతర మతాలతో కలిసి బతికిన మనిషి, క్రీస్తు విషయంలో గట్టిగా నిలబడే తిరిగొచ్చారు.

మన అంధగజ న్యాయం ఆయన చేతిలో ఎలా మారిందో చూడండి. గుడ్డివాళ్లు తలా ఒక అవయవం తడిమి ఏనుగు ఇంతేనంటారు, అలాగే మతాలన్నీ సత్యంలో తలా ఒక ముక్క పట్టుకున్నాయి, కాబట్టి ఎవరూ గర్వపడకూడదు. ఈ కథ ఎంతో వినయంగా వినిపిస్తుంది. న్యూబిగిన్ ఒక్కటే అడిగారు: ఇంతకీ అక్కడున్నది ఏనుగని కథ చెప్పేవాడికి ఎలా తెలిసింది? అందరూ గుడ్డివాళ్లయితే పూర్తి ఏనుగును చూస్తున్నవాడు ఎవరు? అందరికీ ముక్కలే దక్కాయని చెప్పే మనిషి, తనకు మాత్రం మొత్తం కనిపిస్తోందని చెప్పకుండానే చెబుతున్నాడు. నేను ఎన్నిసార్లు ఈ కథ చెప్పి వాదనలు ముగించానో తలుచుకుంటే, ఈ ప్రశ్న చదివాక ఇంక ఆ పని చెయ్యలేకపోయాను.

ఇదంతా విని సంప్రదాయవాదులు చప్పట్లు కొట్టబోతే, వాళ్లనూ ఆయన ఊరికే వదల్లేదు. క్రైస్తవులు కానివాళ్లంతా నరకానికేనని తేల్చడానికి మనమెవరం అన్నారు. క్రీస్తులో వెల్లడైన సత్యానికి సాటి లేదు, అందులో రాజీ లేదు. అలాగని దేవుడి కృపకు సంఘం గోడలే సరిహద్దులనడానికీ వీల్లేదు. ఇతర మతస్థుల జీవితాల్లో దేవుడు పనిచెయ్యడం తాను కళ్లారా చూశానన్నారు. ఎవరు లోపల, ఎవరు బయట అన్న లెక్క మన చేతికి ఇవ్వలేదన్నారు. వేదాంత పాఠ్యపుస్తకాల్లో ఈ విషయం మీద మూడు రకాల అభిప్రాయాలకు మూడు గదులు కట్టి ఉంటాయి, ఆయన ఏ ఒక్క గదిలోనూ పట్టలేదు.

ఆ కోర్టుకు అధికారం ఎవరిచ్చారు?

ఈ రెండు వర్గాలూ ఎందుకు కొట్లాడుకుంటున్నాయన్నదానికి ఆయన చెప్పిన కారణమే ఆయన పనిలో అసలు సారం. 1983లో వచ్చిన చిన్న పుస్తకంలో మొదలుపెట్టి, గ్లాస్గో ఉపన్యాసాలుగా ఇచ్చి 1989లో అచ్చువేసిన ‘ద గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ’లో దాన్ని విప్పి చెప్పారు. నా మాటల్లో చెబుతాను.

మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపా ఒక కోర్టు పెట్టింది. సందేహానికి నిలబడేదే జ్ఞానం, మిగతాదంతా సొంత నమ్మకమని తీర్పిచ్చింది. ప్రయోగశాలలో, బజారులో, కచేరీలో చెల్లేవి వాస్తవాలు. ఇంట్లో, మందిరంలో చెల్లేవి విలువలు. ఉదారవాది ఆ తీర్పుకు తల వంచాడు. విశ్వాసాన్ని లోపలి గదికి, అనుభూతికి పరిమితం చేసుకుని, బైబిల్‌ను మనుషుల ఆధ్యాత్మిక అనుభవాల పుస్తకంగా చదివాడు. సంప్రదాయవాది తల వంచలేదు. కానీ అదే కోర్టులో అప్పీలు వేశాడు. బైబిల్‌లో ప్రతి వాక్యమూ సైన్సు పాఠంలా రుజువయ్యే వాస్తవమని సాక్ష్యాలు పోగుచేస్తూ తిరుగుతున్నాడు. ఒకరు ఓడి ఇంట్లో కూర్చున్నారు, ఇంకొకరు గెలవాలని మెట్లెక్కుతూనే ఉన్నారు. ఆ కోర్టుకు ఆ అధికారం ఎవరిచ్చారని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడగడంలో న్యూబిగిన్‌కు తోడైన మనిషి మైకెల్ పొలాన్యీ. హంగరీలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త, 1933లో బెర్లిన్ వదిలి మాంచెస్టర్‌కు వచ్చారు. శాస్త్రజ్ఞుడు కూడా ముందు ఒక సంప్రదాయాన్ని నమ్మి, గురువు దగ్గర శిష్యరికం చేసి, తప్పు కావచ్చునని తెలిసీ తెగించి అడుగేస్తాడని ఆయన చూపించారు. సైకిల్ తొక్కడం వచ్చినవాడు ఎలా నిలదొక్కుకుంటున్నాడో మాటల్లో చెప్పలేడు. ఒళ్లు అప్పగించి నేర్చుకున్నాడంతే. తెలుసుకోవడమంతా అలాంటిదే. నమ్మకం లేని తెలివంటూ లేదు. ఆ లెక్కన విశ్వాసి సిగ్గుపడి మూలకు చేరనక్కర్లేదు, రుజువుల కోసం అరవనూ అక్కర్లేదు. నేను నమ్మాను, నా బతుకు దీని మీద పెట్టాను, వచ్చి చూడండి అంటే చాలు.

వచ్చి చూడమంటే ఎక్కడికి రావాలి? ఆయన జవాబు సూటిగా ఉంది. ఒక సంఘానికి. సువార్తకు నమ్మదగిన వ్యాఖ్యానం పుస్తకం కాదు, దాన్ని నమ్మి బతికే మామూలు మనుషుల గుంపు.

జైలు ఎదుట మందిరం

డెబ్బై ఏళ్లు దాటాక ఆయన ఆ మాటను తన మీదే పెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో విన్సన్ గ్రీన్ అనే పేదపేట. అక్కడ జైలుకు ఎదురుగా ఒక చిన్న మందిరం, ఓ ఇరవై మంది సభ్యులు. పెద్దలు దాన్ని మూసేద్దామని మాట్లాడుతున్నారు. ఒకప్పటి మద్రాసు బిషప్, అప్పటికి బ్రిటన్‌లో తన సంఘానికి మోడరేటర్‌గా చేసి దిగిన మనిషి, జీతం లేకుండా నేను చూసుకుంటానన్నారు.

ఇంటింటికీ తిరిగేవారు. తెల్లవాళ్ల గుమ్మాల దగ్గర చాలాసార్లు తలుపు మొహాన పడేది. మన దేశాల నుంచి వెళ్లిన కుటుంబాలు మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టేవి. దేవుడి గురించి మాట్లాడటం వాళ్లకు వింత కాదు. నలభై ఏళ్ల కిందట తెల్లదొరగా వాళ్ల దేశం వెళ్లి తలుపు తట్టిన మనిషి, ముసలితనంలో తన సొంత ఊళ్లో వాళ్ల ఇంటే ఆదరణ పొందారు. విదేశం నుంచి తిరిగొచ్చినవాడి బతుకులో ఇంతకన్నా నిండైన రోజు ఉంటుందని నేననుకోను.

చివరి ఏళ్లలో చూపు దాదాపు పోయింది. అయినా లండన్‌లో హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ అనే ఉజ్జీవ సంఘంలో, చేతులెత్తి పాడే కుర్రకారుకు ఉపన్యాసాలిచ్చారు. చర్చిల మండలిలో పెద్దపీట మీద కూర్చున్న మనిషి అక్కడ మాట్లాడటం, వాళ్లు వినడం, రెండూ 1974లో ఊహకందని సంగతులు. 1998 జనవరి 30న కన్నుమూశారు. ఆ తర్వాత అమెరికాలో టిమ్ కెల్లర్ లాంటి సంప్రదాయ బోధకులు ఆయన దగ్గర నేర్చుకున్నామని చెప్పారు. మతాల సంభాషణ గురించి రాసే ఉదారవాదులూ ఆయనకు జవాబు చెప్పకుండా ముందుకెళ్లలేకపోతున్నారు.

ఆయన వంతెన కట్టారంటారు గానీ, నాకు ఆ మాట అతకదనిపిస్తుంది. వంతెన కట్టేవాడు రెండు ఒడ్లనూ ఉన్నచోటే ఉంచుతాడు. ఈయన రెండు గుంపులనూ వెనక్కి తిరగమన్నారు.

చిన్నాన్నకు, చెల్లెలికి

హైదరాబాదులో హెబ్రోను మందిరం కట్టిన భక్తసింగ్ కూడా పరదేశం తిప్పిన మనిషే. సిక్కు కుటుంబంలో పుట్టి, లండన్‌లో ఇంజినీరింగ్ చదవబోయి దేవుణ్నే వదిలేసి, కెనడాలోని విన్నిపెగ్‌లో బైబిల్ చదివి మారి, 1933లో బొంబాయిలో దిగారు. మా చిన్నాన్న సంఘం మూలాలు అటు వైపువే. అంటే ఆయన పట్టుదలలో కూడా ఒక విదేశం ఉంది. మా చెల్లెలి మెత్తదనంలో ఇంకో విదేశం ఉంది. ఈ సంగతి ఇద్దరికీ చెప్పాను. చిన్నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అమ్మాయి వెళ్లే సంఘంలో ప్రార్థన ఎలా చేస్తారట?” అని అడిగారు. ఆరేళ్లలో ఆయన దాని గురించి వేసిన మొదటి ప్రశ్న అది.

ఈ డిసెంబరులో మీ ఇంటికి కూడా ఎవరో ఒకరు దిగుతారు. మీ మందిరానికి తీసుకెళ్లండి. వాళ్ల సంఘం గురించి అడగండి, అడిగి చివరిదాకా వినండి. మధ్యలో వాక్యం ఎత్తకండి. దిగేవాళ్లకు కూడా నాదొక మనవి. వచ్చిన వారంలోనే ఇంటివాళ్ల విశ్వాసం మీద తీర్పు చెప్పకండి. న్యూబిగిన్ ఇల్లు చేరింది 1974లో. సొంత దేశాన్ని ప్రశ్నిస్తూ ఆ చిన్న పుస్తకం వేసింది 1983లో.